కారులోని పటము: కొలత, పేరు, కాలము

తిరుపతి నుండి తిరుమల కొండకు మోటారు వాహనములు పోవుటకు రెండు ఘాటు రోడ్లు కలవు. మొదటిదానిని 1944లో తెరచిరి. యాత్రికుల రద్దీ పెరిగిన పిమ్మట, 1970 దశకములో రెండవది వాడుకలోనికి వచ్చినది. ఎక్కు వాహనములు రెండవ దారిన, దిగు వాహనములు మొదటి దారిన పోవలెనను నియమము ఏర్పడినది. ఈ నియమము అలిపిరి దగ్గర ప్రతి డ్రైవరుకును తెలియును. కాని కారు ముందుభాగమున అమర్చిన చిన్న తెరకు ఇది ఎట్లు తెలియును?

ఆ తెరమీద ఒక పటము కనబడును. పటము నడుమ బాణపు గుర్తు ఒకటి కారుతోబాటు కదలుచుండును. ఆ గుర్తును నడపునవి ఆకాశమున తిరుగు ఉపగ్రహములు. అయితే ఉపగ్రహములు తెలుపునది చాల కొద్ది. కారు ఏ అక్షాంశమున, ఏ రేఖాంశమున, ఎంత ఎత్తున ఉన్నదో లెక్క కట్టుటకు కావలసిన సంకేతములను మాత్రమే అవి పంపును. ఆ చోటున రోడ్డు ఉన్నదా, ఉన్నచో దాని పేరేమి, అది ఎక్కు దారియా దిగు దారియా అను సంగతులు వాటికి తెలియవు. వాటిని ఎవరో ఒకరు నేలమీద తిరిగి తెలిసికొని, పటములో చేర్చి, ఆ పటమును కారులో నింపవలెను. నింపిన నాటినుండి ఆ పటము పాతబడుచునే ఉండును. అందువలననే కారును అప్పుడప్పుడు డీలరు యొక్క సర్వీసు కేంద్రమునకు తీసుకొనిపోయి పటమును మార్పించుకొనవలసివచ్చుచున్నది. దీనిని వాడుకలో మ్యాపు అప్‌డేట్ అందురు.

అరగంటలోనో గంటలోనో ముగియు ఈ చిన్న పని వెనుక రెండు వందల ఏండ్లకు పైబడిన చరిత్ర కలదు. అందులో కొన్ని ముఖ్యమైన ఘట్టములు తిరుపతి, చిత్తూరు ప్రాంతములలోను, వాటి చుట్టుపట్లను జరిగినవే.

గొలుసుతో మొదలైన కొలత

1799లో శ్రీరంగపట్నము పతనమైన పిమ్మట దక్షిణ దేశములో చాల భాగము ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ చేతిలోనికి వచ్చినది. ఆ భూమి ఎంత, ఏ ఊరు ఎక్కడ ఉన్నది అను సంగతులు కంపెనీవారికి సరిగా తెలియవు. అప్పుడు విలియం లాంబ్టన్ అను సైనికోద్యోగి దేశమును త్రిభుజములుగా విభజించి కొలువవచ్చునని సూచించెను. 1802 ఏప్రిల్ 10న మద్రాసు దగ్గర, సెయింట్ థామస్ మౌంట్ సమీపమున, మొదటి ఆధార రేఖను కొలుచుట ప్రారంభమయ్యెను. నూరు అడుగుల ఉక్కు గొలుసుతో సుమారు ఏడున్నర మైళ్ల పొడవును కొలుచుటకు 57 రోజులు పట్టినది.

ఇంత శ్రద్ధతో ఒక్క రేఖను కొలుచుటకు కారణము సులభముగా తెలియును. త్రిభుజములో ఒక భుజము పొడవును, రెండు కోణములును తెలిసినచో మిగిలిన రెండు భుజములను లెక్కించి తెలిసికొనవచ్చును. ఇది ఉన్నత పాఠశాల విద్యార్థులు ఎరిగిన సంగతియే. అట్లు లెక్కించిన భుజము తరువాతి త్రిభుజమునకు ఆధారమగును. ఈ విధముగా కొండ శిఖరము నుండి కొండ శిఖరమునకు చూపు సారించి, కోణములను మాత్రము కొలుచుకొనుచు దేశమంతయు పోవచ్చును. మొదటి రేఖలో తప్పు వచ్చినచో ఆ తప్పు చివరి త్రిభుజము వరకు వెంబడించును.

కోణములను కొలుచుటకు లాంబ్టన్ తెప్పించిన థియొడలైటు అర టన్ను బరువు కలది. దానిని తెచ్చుచున్న ఓడను ఫ్రెంచివారు పట్టుకొని మారిషసు దీవికి కొనిపోయిరి. అది విజ్ఞాన సాధనమని గుర్తించిన పిమ్మట దానిని తిరిగి పంపిరి. ఆ యంత్రముతో త్రిభుజముల వరుస ఉత్తర ఆర్కాటు కొండలమీదుగా బెంగుళూరుకును, అచ్చటినుండి పడమటి సముద్ర తీరమునకును సాగినది. నేటి చిత్తూరు జిల్లాలో పెద్ద భాగము అప్పుడు ఉత్తర ఆర్కాటులోనిదే. 1911 వరకు ఆ జిల్లాకు చిత్తూరే ముఖ్య పట్టణముగా ఉండెను.

ఈ కొలతవలన తేలిన ఫలితము అధికారులను ఆశ్చర్యపరచినది. మద్రాసునుండి మంగుళూరు వరకు ద్వీపకల్పము వెడల్పు 400 మైళ్లని అంతవరకు పటములు చూపుచుండెను. నిజమునకు అది 360 మైళ్లే. సముద్రము పొంగలేదు, భూమి కుంచించుకొనలేదు. నలుబది మైళ్ల నేల కాగితముమీదినుండి మాయమైనది. పటమును తిరిగి కొలిచి సవరించుకొనవలెనను పాఠము దక్షిణ దేశమునకు ఇంత స్పష్టముగా అంతకుముందు ఎన్నడును అందలేదు.

పేర్లను సేకరించినవారు

లాంబ్టన్ కొలిచినది బిందువులను. ఆ బిందువుల నడుమ ఉన్న ఊళ్లు, చెరువులు, దారులు, ఎల్లలు అనువాటిని సేకరించు పని అదే కాలమున కాలిన్ మెకంజీ చేతిలో ఉండెను. 1800 నుండి మైసూరు రాజ్యమును సర్వే చేయుచు, ఊరూరి వృత్తాంతములను, శాసనములను, కైఫీయతులను ఆయన సేకరింపజేసెను. ఈ పనిలో ఆయనకు కుడిభుజముగా నిలిచినవారు తెలుగువారైన కావలి వెంకట బొర్రయ్య, లక్ష్మయ్య సోదరులు. స్థానిక భాషలు తెలిసి, గ్రామాధికారులతో మాటలాడి, పేరును పేరుగా వ్రాసికొనగల మనుష్యులు లేనిచో ఎంత గొప్ప యంత్రమున్నను పటము మూగదిగానే ఉండెడిది. మెకంజీ 1815లో భారతదేశపు మొదటి సర్వేయర్ జనరల్ అయ్యెను.

కొలత ఒక పని, పేరు మరియొక పని. ఈ విభజన నేటికిని మారలేదు. కొలత ఆకాశము నుండి వచ్చుచున్నది. పేరు మాత్రము నేలమీదినుండియే రావలెను.

రైలు కూత నుండి ఉపగ్రహము వరకు

1957 అక్టోబరు 4న సోవియట్ దేశము స్పుత్నిక్ అను మొదటి కృత్రిమ ఉపగ్రహమును ప్రయోగించెను. అమెరికాలో గైయర్, వైఫెన్‌బాక్ అను ఇద్దరు శాస్త్రజ్ఞులు దాని రేడియో సంకేతమును వినుచు ఒక విశేషమును గమనించిరి. రేణిగుంట స్టేషనులో ఆగక పోవు రైలు కూత దగ్గరకు వచ్చునప్పుడు హెచ్చు స్థాయిలోను, దూరమగునప్పుడు తగ్గు స్థాయిలోను వినబడుట అందరు ఎరిగినదే. దీనినే డాప్లరు ఫలితము అందురు. స్పుత్నిక్ సంకేతములోని ఇట్టి మార్పును కొలిచి వారు దాని కక్ష్యను నిర్ణయించిరి. తెలిసిన చోటున నిలిచి ఉపగ్రహపు దారిని కనుగొనగలిగినచో, తెలిసిన దారిలో తిరుగు ఉపగ్రహము ద్వారా తెలియని చోటును కనుగొనవచ్చును గదా! ఈ ఊహ నుండి ట్రాన్సిట్ అను పద్ధతి పుట్టినది. 1964 నాటికి అది అమెరికా నౌకాదళమునకు ఉపయోగపడసాగెను.

తరువాత వచ్చినది జి.పి.ఎస్. దీని మొదటి ఉపగ్రహమును 1978లో పంపిరి. 24 ఉపగ్రహములతో 1995లో అది పూర్తిగా పనిలోనికి వచ్చినది. ఈ ఉపగ్రహములు భూమికి సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగును. ప్రతిదానిలోను పరమాణు గడియారము ఉండును. “నేను ఇక్కడ ఉన్నాను, ఇప్పుడు సమయము ఇంత” అను వార్తను ప్రతి ఉపగ్రహమును ఎడతెగక ప్రసారము చేయును. ఆ వార్త కాంతి వేగమున, అనగా సెకనుకు దాదాపు 3 లక్షల కిలోమీటర్ల వేగమున, కారును చేరుటకు సెకనులో పదునైదవ వంతు పట్టును. ఆలస్యమును వేగముతో గుణించినచో దూరము వచ్చును.

దూరములనుండి చోటును కనుగొను విధమును తరగతిలో కాగితముమీద చూపవచ్చును. ఒక ఊరు తిరుపతికి ఎంత దూరమో తెలిసినచో, తిరుపతి కేంద్రముగా వృత్తము గీయవలెను. ఊరు ఆ వృత్తముమీద ఎక్కడో ఉన్నది. చిత్తూరునుండి దూరము కూడ తెలిసినచో రెండవ వృత్తము మొదటిదానిని రెండు చోట్ల ఖండించును. శ్రీకాళహస్తినుండి దూరము తెలిసినచో ఆ రెండింటిలో ఏది నిజమో తేలిపోవును. ఆకాశములో వృత్తములకు బదులు గోళములు ఉండును. కారులోని గడియారము అంత ఖచ్చితమైనది కాదు గనుక దాని తప్పును గూడ తేల్చుటకు నాలుగవ ఉపగ్రహము అవసరమగును.

గడియారములో సెకనులో పదిలక్షలవ వంతు తప్పు వచ్చినచో దూరములో 300 మీటర్ల తప్పు వచ్చును. ఐన్‌స్టయిన్ సాపేక్షతా సిద్ధాంతము ప్రకారము ఆ ఎత్తులో తిరుగు గడియారములు నేలమీది వాటికన్న దినమునకు సెకనులో పదిలక్షలవ వంతులు 38 చొప్పున ముందుకు పోవును. దీనిని సవరింపకున్నచో ఒక్క దినములోనే 11 కిలోమీటర్లకు మించిన దోషము పేరుకొనును. అందువలన గడియారముల నడకను ప్రయోగమునకు ముందే తగినంత తగ్గించి అమర్చుదురు.

శ్రీహరికోట, గాదంకి

జి.పి.ఎస్. అమెరికా రక్షణ శాఖ నిర్మించినది. 2000 మే నెల మొదటివరకు సామాన్యులకు అందు సంకేతమును వారు బుద్ధిపూర్వకముగా చెరచి పంపుచుండిరి. అందువలన వంద మీటర్ల వరకు తప్పు వచ్చెడిది. ఊరిలో వంద మీటర్లనగా ఒక వీధికి బదులు ఇంకొక వీధి. ఆ చెరుపును ఆపివేసిన తరువాతనే కారు నడుపువారికి ఈ సాధనము నిజముగా ఉపయోగపడినది. అయినను, ఇతరుల చేతిలోని మీటపై ఆధారపడుట ఏ దేశమునకును క్షేమము కాదు.

భారతదేశము సొంతముగా ఏర్పరచుకొన్న పద్ధతికి నావిక్ అని పేరు. దీని మొదటి ఉపగ్రహమైన ఐ.ఆర్.ఎన్.ఎస్.ఎస్.-1ఎ 2013 జూలై 1న శ్రీహరికోటనుండి ఎగిరినది. ఏడవది 2016 ఏప్రిల్ 28న పోయినది. ఆ రోజుననే నావిక్ అను పేరు పెట్టిరి. ఏడింటిలో మూడు భూమధ్యరేఖకు పైన కదలక నిలిచినట్లు కనబడును. నాలుగు వాలు కక్ష్యలలో ఆకాశమున 8 అంకె ఆకారముగా తిరుగుచున్నట్లు కనబడును. ఎత్తు సుమారు 36,000 కిలోమీటర్లు.

ఈ దారి నున్నగా సాగలేదు. మొదటి ఉపగ్రహములోని పరమాణు గడియారములు చెడిపోయినవి. దాని స్థానమున 2017 ఆగస్టులో పంపిన ఉపగ్రహము రాకెట్టు తొడుగు విడిపోనందున వ్యర్థమైనది. 2018 ఏప్రిల్‌లో మరియొకటి పంపిరి. 2023 మే 29న పంపిన ఎన్.వి.ఎస్.-01లో స్వదేశములో తయారైన రుబీడియము గడియారమును అమర్చిరి. 2025 జనవరి 29న ఎన్.వి.ఎస్.-02ను రాకెట్టు సరిగానే వదలినను, ఉపగ్రహమును నిర్ణీత కక్ష్యకు చేర్చలేకపోయిరి. కొలత సాధనము కొండ ఎక్కినను, ఆకాశమెక్కినను ప్రమాదములు తప్పవు.

ఉపగ్రహ సంకేతమునకు దారిలో ఒక అడ్డంకి కలదు. సూర్యకిరణముల తాకిడికి ఎత్తైన గాలిపొరలలోని అణువులనుండి ఎలక్ట్రానులు విడిపోవును. ఈ పొరను అయనావరణము అందురు. ఇది సంకేతమును ఆలస్యపరచి దూరపు లెక్కను చెరచును. భూమధ్యరేఖకు సమీపమున ఉన్న దేశములలో, సూర్యాస్తమయము తరువాత, ఇందులో పెద్ద బుడగలవంటి ఖాళీలు ఏర్పడి సంకేతమును మినుకుమినుకుమనిపించును. తిరుపతినుండి చిత్తూరు పోవు దారిలో ఉన్న గాదంకిలోని జాతీయ వాతావరణ పరిశోధనా ప్రయోగశాల ఇట్టి విషయములనే పరిశోధించుచున్నది. అచ్చటి పెద్ద రాడారు 1990 దశకము నుండి గాలిపొరలను గమనించుచున్నది. రెండు వేర్వేరు తరంగములతో సంకేతము పంపినచో ఆలస్యములోని భేదమునుబట్టి దోషమును లెక్కించి తొలగించవచ్చును. నావిక్ రెండు తరంగములను వాడుటకు ఇదియు ఒక కారణము.

కారులోనికి పటము వచ్చిన విధము

కారులో పటమును అమర్చవలెనను కోరిక ఉపగ్రహములకన్న పాతది. 1930 ప్రాంతమున ఇటలీలో కాగితపు చుట్టను చక్రముల కదలికతో తిప్పు సాధనమొకటి వచ్చినది. దారి తప్పి పక్క రోడ్డు పట్టినచో అది నిరుపయోగము. 1981లో జపాను దేశపు హోండా కంపెనీ దిక్కును గుర్తించు గైరోస్కోపుతో ఒక సాధనమును చేసెను. పారదర్శకమైన ఫిల్ముమీద ముద్రించిన పటమును తెరమీద ఉంచవలెను. ప్రాంతము మారినచో ఫిల్మును చేతితో మార్చవలెను. 1985లో అమెరికాలో వచ్చిన ఇటాక్ అను సాధనము పటమును క్యాసెట్టు టేపులో దాచినది. పెద్ద నగర ప్రాంతమునకు ఒక్క టేపు చాలక, నడుమ మార్చవలసివచ్చెడిది.

ఈ రెండింటిలోను ఉపగ్రహము ప్రమేయము లేదు. చక్రము ఎన్ని చుట్లు తిరిగినది, బండి ఎటు మళ్లినది అనువాటినిబట్టి చోటును ఊహించుటయే. కొద్దిపాటి తప్పులు పేరుకొనకుండ, బండి రోడ్డుమీదనే ఉండును గాని పొలములో ఉండదు అను తర్కముతో బాణమును సమీపపు రోడ్డుపైకి చేర్చిరి. ఈ ఉపాయము నేటి కారులలోను ఉన్నది. 1987లో టొయోటా క్రౌన్ కారులో పటము సి.డి. పళ్లెములోనికి వచ్చినది. 1990లో మాజ్డా కంపెనీవారి యూనోస్ కాస్మో కారులో జి.పి.ఎస్. అమర్చిరి. పిమ్మట డి.వి.డి., గట్టి డిస్కు, చిన్న మెమరీ కార్డు వరుసగా వచ్చినవి. సాధనము మారినను కథ ఒక్కటే: ఉపగ్రహ సంకేతము తాజాగా వచ్చుచుండును, కారులోని పటము మాత్రము నింపిన నాటిదే.

చిత్తూరు పటము మారిన విధము

పటము పాతబడుటకు చిత్తూరు జిల్లాకన్న మంచి ఉదాహరణము దొరకుట కష్టము. ఈ జిల్లా 1911 ఏప్రిల్ 1న ఉత్తర ఆర్కాటు, కడప జిల్లాల భాగములతో ఏర్పడినది. 1953లో ఆంధ్ర రాష్ట్రములో చేరినది. 1960 ఏప్రిల్ 1న సరిహద్దుల మార్పువలన తిరుత్తణి ప్రాంతము మద్రాసు రాష్ట్రమునకు పోయినది. సత్యవేడు ప్రాంతము చిత్తూరులో చేరినది. 1985లో తాలూకాలకు బదులు మండలములు వచ్చినవి. 2022 ఏప్రిల్ 4న తిరుపతి వేరు జిల్లా అయినది. మదనపల్లె వైపు భాగము అన్నమయ్య జిల్లాలో చేరినది. అంతవరకు నెల్లూరు జిల్లాలో ఉన్న సూళ్లూరుపేట ప్రాంతము, దానితో శ్రీహరికోట, తిరుపతి జిల్లాలోనికి వచ్చినవి. నావిక్ ఉపగ్రహములు ఎగిరిన చోటు తాను కదలకయే జిల్లా మారినది.

రోడ్ల సంఖ్యలును మారినవి. 2010లో దేశములోని జాతీయ రహదారులకు కొత్త సంఖ్యలు ఇచ్చిరి. కర్నూలు, కడపలమీదుగా చిత్తూరుకు వచ్చు 18వ నెంబరు రహదారి 40 అయినది. చిత్తూరునుండి పలమనేరు మీదుగా పోవు 4వ నెంబరు 69 అయినది. రేణిగుంట, పుత్తూరు, తిరుత్తణిలమీదుగా మద్రాసు పోవు 205వ నెంబరు 716 అయినది. రోడ్డు ప్రక్క రాయి ఒక అంకెను, కారులోని తెర వేరొక అంకెను చూపినచో కొత్త డ్రైవరు కూడలిలో తడబడును.

తిరుపతి నగరములో శ్రీనివాస సేతు అను ఎత్తైన వంతెన రోడ్డును 2023 సెప్టెంబరులో ప్రారంభించిరి. దీనివలన కలుగు చిక్కు మరియొక విధమైనది. వంతెనమీద ఉన్న కారుకును, దానికి సరిగా క్రింద ఉన్న కారుకును అక్షాంశ రేఖాంశములు ఒక్కటే. ఎత్తులో భేదమున్నది గాని, ఉపగ్రహములతో ఎత్తును కొలుచుట చోటును కొలుచుటకన్న తక్కువ ఖచ్చితము. పటములో వంతెన లేనిచో, వంతెనమీద పోవు కారును క్రింది రోడ్డుమీద ఉన్నట్లే తలచి, “ఇక్కడ కుడి ప్రక్కకు తిరుగుము” అని యంత్రము చెప్పును. కుడి ప్రక్క పిట్టగోడ తప్ప ఏమియు ఉండదు. రోగిని ఆసుపత్రికి చేర్చు బండిలో ఇట్టి తప్పుకు ఎంత మూల్యము చెల్లింపవలసివచ్చునో వేరుగా చెప్పనక్కరలేదు.

పేర్లలోను చిక్కులు కలవు. పూతలపట్టు, పెనుమూరు, పలమనేరు వంటి పేర్లను ఇంగ్లీషు అక్షరములలో పలువిధముల వ్రాయుదురు. కొత్తపల్లె అను పేరు కల ఊళ్లు అనేకము. వాటిని వేరుపరచునది మండలము పేరు, జిల్లా పేరు. జిల్లా మారి పటములో మారనిచో, వెదకినవారికి ఊరు దొరకదు. లేదా వేరొక ఊరు దొరకును.

కొలతలోను ఒక పాత లెక్క దాగియున్నది. లాంబ్టన్ పనిని కొనసాగించిన జార్జి ఎవరెస్టు 1830లో భూమి ఆకారమును లెక్కించెను. భూమధ్యరేఖ వద్ద భూమి వ్యాసార్ధము ఆయన లెక్కలో 6,377 కిలోమీటర్ల 276 మీటర్లు. జి.పి.ఎస్. వాడు లెక్కలో 6,378 కిలోమీటర్ల 137 మీటర్లు. భేదము 861 మీటర్లు. భారతదేశపు సర్వే పటములు చిరకాలము ఎవరెస్టు లెక్కపై ఆధారపడినవి. అట్టి పటములోని అక్షాంశ రేఖాంశములను మార్చకయే కారులో నింపినచో బాణము నిజమైన చోటునుండి వంద మీటర్లకు పైగా జరిగి కనబడవచ్చును. 2005 నాటి జాతీయ పట విధానములో సామాన్య ప్రజలకొరకైన పటములను కొత్త లెక్కకు మార్చిరి. 2021 ఫిబ్రవరిలో పటముల తయారీపై ఉన్న అనేక నిబంధనలను ప్రభుత్వము సడలించినది.

డీలరు వద్ద జరుగు పని

సర్వీసు కేంద్రములో మొదట కారు ఛాసిస్ నెంబరును, యంత్రములోని పటము ఏ కాలమునాటిదో చూతురు. ఒక నమూనాకు చేసిన పటము వేరొక నమూనాలో పనిచేయదు. పిమ్మట ఆ కారుకు తగిన పటమును కార్డులోనో పెన్‌డ్రైవులోనో ఎక్కింతురు. కొన్ని కంపెనీలు కొన్ని ఏండ్లు ఉచితముగా ఇచ్చి, ఆ పిమ్మట రుసుము తీసికొనును.

పని నడుచునంతసేపు బ్యాటరీకి ఛార్జరు తగిలించి ఉంచుట మంచిది. కరెంటు నడుమ తెగినచో సగము పాత, సగము కొత్త పటముతో యంత్రము మొరాయించును. నకలు పూర్తియైన పిమ్మట యంత్రము ఒక సరిచూపు లెక్క వేయును. ఉపాధ్యాయుడు మార్కుల పట్టీలో నిలువు వరుసల మొత్తమును, అడ్డు వరుసల మొత్తమును పోల్చి చూచినట్లే, వచ్చిన అంకెల మొత్తము పంపిన మొత్తముతో సరిపోయినదా అని చూచుట. సరిపోనిచో తిరిగి చేయవలెను.

తరువాత కారును కప్పు క్రిందినుండి ఆరుబయటకు తెత్తురు. ఉపగ్రహ సంకేతములు మిక్కిలి బలహీనములు గనుక రేకు కప్పు వాటిని అడ్డుకొనును. ఏ ఉపగ్రహము ఎక్కడ ఉండునో తెలుపు పూర్తి పంచాంగమును జి.పి.ఎస్. పన్నెండున్నర నిముషములలో ఒకసారి ప్రసారము చేయును. చాలకాలము ఆగియున్న యంత్రము ఆ పంచాంగమును తిరిగి వినుటకు కొంత సమయము తీసికొనవచ్చును.

పటమునే కాక యంత్రములోని కార్యక్రమమును గూడ మార్చవలసిన సందర్భములు కలవు. జి.పి.ఎస్. పాత సంకేతములో వారముల సంఖ్యకు పది ద్విసంఖ్యా స్థానములు మాత్రమే ఉన్నవి. రెండును పది మారులు గుణించినచో 1024. అనగా 1023వ వారము తరువాత లెక్క తిరిగి సున్నకు వచ్చును. 1980 జనవరి 6న మొదలైన ఈ లెక్క 1999 ఆగస్టులో ఒకసారి, 2019 ఏప్రిల్‌లో మరియొకసారి సున్న అయినది. మరల 2038 నవంబరులో కానున్నది. దీనికి సిద్ధపడని యంత్రము తేదీని దాదాపు ఇరువది ఏండ్లు వెనుకకు చూపును. ఎంత కొత్త పటము నింపినను ఈ దోషము పోదు, కార్యక్రమమును సవరింపవలెను.

అప్‌డేట్ చేయలేని పనులును కలవు. నావిక్ తరంగములను పట్టగల భాగము యంత్రములో లేనిచో పటము మార్చినంతమాత్రమున అది రాదు. ఎన్.వి.ఎస్. వరుస ఉపగ్రహములలో సాధారణ యంత్రములు గ్రహింపగల మూడవ తరంగమును చేర్చుటకు ఇదే కారణము. అట్లే, నిన్న తెరచిన రోడ్డు నేటి పటములో ఉండదు. రోడ్డును గుర్తించి, కొలిచి, పేరు చేర్చి, పరీక్షించి, కారు కంపెనీకి అందించునప్పటికి నెలలు గడచును. సెల్‌ఫోను పటము ఇంతకన్న త్వరగా మారును గాని దానికి టవరు అందవలెను. శేషాచలపు అడవి దారులవంటి చోట్ల టవరు అందనప్పుడు కారులోని పటమే ఆధారము. అందువలన ఏ పటమున్నను, “ఎక్కు దారి ఇది కాదు” అని రోడ్డుమీది బోర్డు చెప్పినప్పుడు తెరను కాక బోర్డునే నమ్మవలెను.

పాఠశాలలలో దీనిని చూపుటకు కారు అక్కరలేదు. 1960కి ముందటి చిత్తూరు జిల్లా పటము, 2022కు ముందటిది, తరువాతిది సంపాదింపవలెను. మూడింటిలోను తిరుత్తణి, సత్యవేడు, సూళ్లూరుపేటల అక్షాంశ రేఖాంశములను విద్యార్థులచే వ్రాయింపవలెను. తరువాత ప్రతిదాని ప్రక్క జిల్లా పేరు, రాష్ట్రము పేరు వ్రాయింపవలెను. మొదటి వరుసలోని అంకెలు మూడు పటములలోను దాదాపు ఒక్కటిగానే ఉండును. రెండవ వరుసలోని పేర్లు మారును. డీలరు వద్ద కారులో నింపునది ముఖ్యముగా ఆ రెండవ వరుసయే.